పసివాళ్ళ చుట్టూ కోర్టు పెట్టకండి

మన న్యూజెర్సీ తెలుగు సంఘం బతుకమ్మ రోజు గ్రీన్‌రూమ్‌లో జరిగింది మీలో చాలామంది చూశారు. ఒకరి హారం కనబడలేదు. అక్కడ ఆడుకుంటున్న అయిదేళ్ళ పాపను పెద్దవాళ్ళు చుట్టుముట్టారు. 'బ్యాగ్ దగ్గరికి ఎవరొచ్చారమ్మా?' అంటే 'నేను చూళ్ళేదు' అంది. పక్కనే పళ్ళేలు సర్దుతూ నేను స్పష్టంగా విన్నాను. అక్కడితో ఆగలేదు. 'సరిగ్గా గుర్తు తెచ్చుకో బంగారం.' 'ఆ సౌండ్ సిస్టమ్ అన్నయ్య వచ్చాడు కదూ?' 'చెబితే చాక్లెట్ ఇస్తా.' చివరికి పాప తలూపింది. కాసేపటికి నల్ల టీషర్ట్ అని కూడా చెప్పింది. ఆరోజు వాలంటీర్లందరివీ నల్ల టీషర్టులే! హారం రాత్రికి కారు సీటు కింద దొరికింది. ఆ కుర్రాడు మాత్రం దీపావళికి రాలేదు. కార్యవర్గం వాళ్ళింటికి వెళ్ళి క్షమాపణ చెప్పాలి.

తర్వాత కొందరు 'పిల్ల అబద్ధమాడింది' అన్న మాట నన్ను ఇంకా బాధపెట్టింది. పెద్దవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడుగుతుంటే, తను మొదట చెప్పింది తప్పనుకుంది, అంతే. మన ఇళ్ళలో అలవాటే అది. ఒప్పుకునేదాకా అడుగుతాం, ఒప్పుకోగానే ముద్దు పెట్టుకుంటాం.

మన న్యూజెర్సీలోనే మేపుల్‌వుడ్ డేకేర్ టీచర్ కెల్లీ మైకేల్స్‌ని 1988లో పిల్లలపై లైంగిక అఘాయిత్యాల కేసులో 115 అభియోగాల్లో దోషిగా తేల్చి 47 ఏళ్ళ జైలుశిక్ష వేశారు. ప్రధాన సాక్ష్యం పసిపిల్లల మాటలే. 'మిగతా పిల్లలు చెప్పేశారు, నువ్వూ చెప్పు' అన్న తరహాలో వాళ్ళను అడిగారు. 1993లో అప్పీలు కోర్టు తీర్పు కొట్టేసేసరికి ఆమె అయిదేళ్ళు జైల్లో గడిపింది.

మనస్తత్వ శాస్త్రవేత్త స్టీఫెన్ సెసి బృందం 1995లో ప్రచురించిన ప్రయోగంలో సామ్ స్టోన్ అనే మనిషి ప్రీస్కూలుకి వచ్చి రెండు నిమిషాలుండి వెళ్ళాడు. ఏదీ పాడుచెయ్యలేదు. 'అతను ఏది ముట్టుకున్నా పాడే' అని ముందే కథలు చెప్పి, తర్వాత వారాల తరబడి జవాబు అందిస్తూ ప్రశ్నలడిగితే, మూడు నాలుగేళ్ళ పిల్లల్లో 72 శాతం అతను పుస్తకమో బొమ్మో పాడుచేశాడన్నారు. ఏదీ నూరిపొయ్యని పిల్లలు చాలావరకు ఉన్నదే చెప్పారు.

కాబట్టి పిల్లల మాట నమ్మొద్దని కాదు నేననేది. వాళ్ళమీద జరిగే అఘాయిత్యాల్లో చాలాసార్లు వాళ్ళ మాటే సాక్ష్యం. దాన్ని మనమే చెడగొట్టకూడదు.

వచ్చే ఉగాది వాలంటీర్ల మీటింగులో దీనికి కాస్త టైమివ్వండి. వస్తువు పోతే, చనువున్నవాళ్ళు ఒక్కరే 'ఏం జరిగిందో చెప్పమ్మా' అని అడగండి. పేర్లు అందించొద్దు. చెప్పింది చెప్పినట్టే రాసుకోండి. ఎవరో ఒంటిమీద చెయ్యి వేశారని పిల్లలంటే మాత్రం మీరు ఆరా తియ్యకండి, వెంటనే రాష్ట్ర పిల్లల రక్షణ హాట్‌లైన్‌కి ఫోన్ చేసి రిపోర్ట్ చెయ్యండి. పిల్లలతో మాట్లాడే శిక్షణ ఉన్నవాళ్ళు వస్తారు. ఆ హాట్‌లైన్ నంబరు గ్రీన్‌రూమ్ తలుపుమీద అంటించండి.