ఫినాయిల్ సీసా గారికి, పిల్లులున్న ఇళ్ళ తరఫున

మహారాజశ్రీ ఫినాయిల్ సీసా గారి సముఖమునకు,

నమస్కారాలండీ. అమలాపురం నుంచి నరసాపురం దాకా పిల్లి తిరిగే ఇళ్ళన్నిటి తరఫునా రాస్తున్న అర్జీ ఇది. సోఫా మీద పిల్లి ఉచ్చ పోసిందంటే చాలు, మావాళ్ళు ముందు కేకేసేది తమరినే. తమరూ మొహమాటం లేకుండా వచ్చేస్తారు. బకెట్లో రెండు మూతలు పడగానే నీళ్ళు పాలలా తెల్లబడతాయి, ఇల్లంతా ఆసుపత్రి వరండా అయిపోతుంది, అందరూ హమ్మయ్య అనుకుంటారు. సాయంత్రం ముసురు పట్టేసరికి ఆ మూలలోంచి పిల్లిగారు మళ్ళీ పలుకుతారు, ఈసారి తమరి వాసనను కూడా వెంటబెట్టుకుని. ఒక కంపు పోగొడతారని పిలిస్తే రెండు చేశారండీ. ఆయ్.

అసలు సంగతి తమరికి తెలియంది కాదు. పిల్లి ఉచ్చలో ఉన్న యూరియాను బాక్టీరియా విరగ్గొడితే అమ్మోనియా పుడుతుంది. ముక్కు మండించేది అదే, కానీ నీళ్ళకు చాలావరకు లొంగుతుంది. లొంగనిది యూరిక్ ఆమ్లం. నీళ్ళలో సరిగా కరగదు. గుడ్డ పోగుల్లో, గచ్చు రంధ్రాల్లో స్ఫటికాలై కూర్చుంటుంది. ఎండినన్నాళ్ళూ కిక్కురుమనదు, తేమ తగిలితే లేస్తుంది. చుట్టూ కాలవలు, చేపల చెరువులు ఉన్న చోట తేమకు కొదవా? పోతు పిల్లి అయితే ఫెలినైన్ అనే అమైనో ఆమ్లం కూడా దండిగా వదులుతుంది. అది విరిగి గంధకం కలిసిన పదార్థంగా మారుతుంది, ఆ ఘాటైన పోతు కంపు దానిదే. యూరిక్ ఆమ్లాన్ని గానీ ఈ గంధకపు సరుకును గానీ తమరు విరగ్గొట్టిన పాపాన పోలేదు. క్రిములను చంపడం, కంపు మీద ఇంకో వాసన కప్పడం, అంతే కదండీ తమరి ఉద్యోగం.

అంతటితో ఆగినా బాగుండేది. తమరిలోని ఫినాల్ జాతి రసాయనాలను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. తడి గచ్చు మీద నడుస్తుంది, పాదాలు నాకుతుంది, జబ్బు పడుతుంది. తమరి జతగాడు బ్లీచింగ్ పౌడర్ మరీ ఘనుడు. వరదలప్పుడు పంచాయతీ వాళ్ళు చల్లినప్పుడు ఆయన్ని మెచ్చుకుంటాం గానీ, ఉచ్చలోని అమ్మోనియాతో కలిస్తే క్లోరమిన్ వాయువు వదిలి కళ్ళూ గొంతూ మండిస్తాడు. అదే చోట వెనిగర్ కూడా పోశారంటే క్లోరిన్ వస్తుంది. మూసిన గదిలో ఆ సరదా వద్దండి.

అందుకే తమరి పని వేరేవాళ్ళకు అప్పగిస్తున్నాం. పచ్చిగా ఉండగా చూస్తే పాత పంచె నాలుగు మడతలు వేసి, మచ్చ మీద పరిచి, పైన నిలబడి ఒత్తాలి. తడి పీల్చడం ఆగేదాకా మడతలు మారుస్తూ పోవాలి. రుద్దితే లోపలికి దిగుతుంది. తర్వాత చన్నీళ్ళే. వేణ్ణీళ్ళు, ఆవిరి, ఇస్త్రీ పెట్టె తగిలితే మరక, వాసన పోగుల్లో పట్టేస్తాయి. వెనిగర్ ఒక వంతు, నీళ్ళు రెండు వంతులు కలిపి తుడిస్తే అమ్మోనియా అణుగుతుంది. యూరిక్ ఆమ్లానికి మాత్రం అది చాలదు. పాలరాయి, నాపరాయి మీద అసలు పోయకూడదు, మెరుగు తినేస్తుంది.

అసలు పనివాడు ఎంజైమ్ ద్రావణం, యూరిక్ ఆమ్లాన్ని విరగ్గొట్టేది ఇదే. పెంపుడు జంతువుల దుకాణాల్లో దొరుకుతుంది. పైపైన పిచికారీ చేసి పనిచేయలేదని తిట్టేవాళ్ళే ఎక్కువ. ఉచ్చ ఎంత లోతుకు, ఎంత వెడల్పుకు పాకిందో ద్రావణమూ అంతా పాకాలి. సోఫా స్పాంజి అయితే కారేలా తడపాలి. పైన ప్లాస్టిక్ కాగితం కప్పి కొన్ని గంటలు తడి ఆరకుండా ఉంచాలి, ఆరితే ఎంజైమ్ పని మానేస్తుంది. తర్వాత కాగితం తీసి గాలికి వదిలేయాలి. ఆరుతున్నప్పుడు వాసన కాస్త పెరిగినట్టుంటే కంగారు పడనక్కర్లేదు. పూర్తిగా ఆరాక కూడా మిగిలితే రెండోసారి.

ఇక్కడే తమరి నిర్వాకం బయటపడుతుంది. తమరు ముందే తిరిగిన చోట ఎంజైమ్ సరిగ్గా నిలవదు, తమరి మిగులు దాన్ని దెబ్బ తీస్తుంది. కాబట్టి ముందు తమరిని రెండు మూడుసార్లు మంచినీళ్ళతో కడిగి పంపాలి. పిల్లికన్నా ముందు తమరిని వదిలించుకోవాల్సి వస్తోందండీ!

ఎంజైమ్ దొరకని ఊళ్ళో మందుల షాపు హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉంది. మన దగ్గర అమ్మేది సాధారణంగా 6 శాతం, లేబుల్ చూసుకుని అన్నే నీళ్ళు కలిపి 3 శాతం చేసుకోవాలి. అది 250 మిల్లీలీటర్లు, రెండు పెద్ద చెంచాల వంట సోడా, చిన్న చెంచా గిన్నెల సబ్బు ద్రవం కలిపి మచ్చ మీద పోయాలి. గంధకపు కంపును ఇది నిజంగానే విరగ్గొడుతుంది. పావుగంట ఉంచి కడిగేయాలి. కలిపింది వెంటనే వాడేయాలి, సీసాలో పోసి మూత బిగిస్తే లోపల ఆక్సిజన్ పేరుకుని సీసా పగులుతుంది. రంగు పోతుందేమో ముందు కనపడని అంచున చూసుకోవాలి. తెల్లటి నూలు లేసు దుప్పట్లకు ఫర్వాలేదు, పట్టుకు పనికిరాదు. పట్టుచీరను డ్రైక్లీనింగ్‌కు ఇస్తూ మరక ఏమిటో సిగ్గుపడకుండా చెప్పాలి.

బూరుగు దూది పరుపు మీద నీళ్ళు పోయకండి, ఉండలు కట్టి ముక్కిపోతుంది. ఎండ కాసేరోజు కుట్టు విప్పి, తడిసిన దూది పారేసి, గలేబు ఉతికి, మిగతాది ఎండబెట్టి ఏకించుకోవాలి. గోనె సంచి అయితే పారేయడమే. సిమెంటు గచ్చు, సున్నం గోడ ఉచ్చను పీలుస్తాయి. అక్కడ ఎంజైమ్ తర్వాత బాగా ఆరనిచ్చి ప్రైమర్, అంటే రంగుకు ముందు వేసే పూత, వేయాలి. మచ్చ దొరక్కపోతే రాత్రి దీపాలార్పి అతినీలలోహిత టార్చి వేస్తే పసుపుపచ్చగా మెరుస్తుంది. గుమ్మాలకు, గోడలకు జానెడెత్తున వెతకండి. పోతు తోక లేపి వెనక్కి చిమ్మేది ఆ ఎత్తునే. దానికి సంతానం కలగకుండా ఆపరేషన్ చేయిస్తే చాలావరకు మానుకుంటుంది. అదే పోతు తన ఇసుక తొట్టెలో ముక్కుతూ చుక్క కూడా పోయకపోతే మాత్రం శుభ్రం సంగతి తర్వాత, అదే రోజు పశువైద్యుడి దగ్గరికి. మూత్రనాళం మూసుకుపోతే ప్రాణం మీదికొస్తుంది.

తమరికి దొడ్లో మురుగు తూము దగ్గర, పిల్లి తిరగని వైపు, కొలువు ఉంచాం. మూత బిగించుకుని దయచేయండి.

ఇట్లు,
పిల్లులున్న ఇళ్ళవాళ్ళం