కాగితాలు ముందు, వాదనలు తర్వాత

1960ల్లో తెలుగు కవిత్వంలో తిరగబడిన ఆరుగురు దిగంబర కవులు, అంతకు కొంచెం ముందు అమెరికాలో అలాగే తిరగబడిన బీట్ కవుల్ని చూసి రాశారా? సాహిత్యం మీద ఇష్టం ఉన్న తెలుగువాళ్ళు నలుగురు కలిస్తే ఈ ప్రశ్న ఇప్పటికీ లేస్తుంది. అవుననేవాళ్ళు తేదీలు చెబుతారు. బీట్ కవి అలెన్ గిన్స్‌బర్గ్ కవితా సంపుటి 'హౌల్' 1956లో అచ్చయింది. ఆయన 1962 ఫిబ్రవరిలో బొంబాయిలో దిగి, 1963 మే దాకా మన దేశంలో తిరిగాడు. కలకత్తాలో 'హంగ్రీ' పేరుతో తిరగబడిన బెంగాలీ కవులతో స్నేహం చేశాడు. 1965 మేలో హైదరాబాదులో దిగంబర కవుల మొదటి సంపుటి వచ్చింది. కాదనేవాళ్ళు ఆనాటి నిరుద్యోగాన్ని, చల్లబడిపోయిన అభ్యుదయ కవిత్వాన్ని, స్వాతంత్ర్యం వచ్చి పద్దెనిమిదేళ్ళవుతున్నా తీరని ఆకలిని చూపించి, ఈ కోపం మన మట్టిలోదే అంటారు.

తేదీల వరస కుదిరినంత మాత్రాన వంశవృక్షం కాదని నా అభిప్రాయం. కానీ నా అభిప్రాయంతో ఇది తేలదు. ఆ ఆరుగురు ఏం చదివారు, ఎవరి చేతిమీదుగా ఏ పుస్తకం వచ్చింది, ఒకరికొకరు ఏం రాసుకున్నారు, చిత్తుప్రతిలో ఏది కొట్టేశారు? ఇవి తెలిస్తేనే తేలుతుంది. అంటే కాగితాలు కావాలి. వాటిని పోగుచేసే పనికి అమెరికాలోని మన తెలుగు సంఘాలు డబ్బు పెట్టాలని అడగడానికే ఈ వ్యాసం.

బీట్ కవుల విషయంలో ఇక్కడ అమెరికావాళ్ళు ఆ పని చేశారు. గిన్స్‌బర్గ్ ఉత్తరాలు, నోటుపుస్తకాలు ఏదీ పారేయని మనిషి. ఆ రాశినంతా 1994లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం దాదాపు పది లక్షల డాలర్లకు కొన్నది. మరో బీట్ కవి గ్యారీ స్నైడర్ కాగితాలు డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. 'హౌల్'ను అచ్చేసిన సిటీ లైట్స్ సంస్థ దస్త్రాలు బర్క్‌లీలోని బ్యాంక్రాఫ్ట్ గ్రంథాలయంలో ఉన్నాయి. శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల బే ఏరియాలో ఇంతమంది తెలుగువాళ్ళం ఉంటున్నాం. ఈ మూడూ పొద్దున వెళ్ళి సాయంత్రానికి ఇల్లు చేరగలిగినంత దూరంలోనే ఉన్నాయి.

కాగితం ఏం చేస్తుందో బీట్ నవలాకారుడు జాక్ కెరవాక్ ఉదాహరణ చూడండి. 'ఆన్ ది రోడ్' నవలను 1951 ఏప్రిల్‌లో మూడు వారాల్లో, 120 అడుగుల కాగితపు చుట్ట మీద ఏకబిగిన టైపు చేశాడన్నది లోకమంతా తెలిసిన కథ. ఆ చుట్ట నిజంగానే ఉంది. చివరి భాగం ఒక కుక్క నమిలేసిందని దాని మీదే రాసి ఉంది. 2001లో వేలంలో అది 24 లక్షల డాలర్లు దాటి పలికింది. అయితే అదే కెరవాక్ నోటుపుస్తకాలు, పాత చిత్తుప్రతులు న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో ఉన్నాయి. ఆ నవల కోసం 1951కి ముందు ఏళ్ళ తరబడి రాసి కొట్టేశాడని, 1957లో అచ్చయ్యేలోపు ఎంతో మార్చాడని వాటివల్లే తెలిసింది. చుట్టకి పలికిన ధర కట్టుకథను పెంచింది. నోటుపుస్తకాలు మాత్రం రచయితను మనకు దగ్గర చేశాయి. అందుకే అరుదైన మొదటి ముద్రణల వేటకంటే, ఎవరూ వెల కట్టని నోటుపుస్తకాల మీదే నాకు మక్కువ.

సేకరణ లేకపోతే పేరున్నవాళ్ళే మిగులుతారు. బాబ్ కాఫ్‌మన్ అనే నల్లజాతి బీట్ కవి తన కవితల్ని కాఫీ హోటళ్ళలో నోటికి చెప్పేవాడు. ఆయన భార్య ఐలీన్ పట్టుబట్టి రాసిపెట్టకపోతే చాలావరకు గాలిలో కలిసిపోయేవి. 1957 జూన్‌లో 'హౌల్' అమ్మినందుకు పోలీసులు సిటీ లైట్స్ పుస్తకాల దుకాణం మేనేజరు షిగ్ మురావోను పట్టుకుపోయారు. జపాను మూలాలున్న కుటుంబం అతనిది. యుద్ధకాలంలో నిర్బంధ శిబిరంలో పెరిగిన కుర్రాడు. అక్టోబరులో న్యాయమూర్తి క్లేటన్ హార్న్ ఆ పుస్తకం అశ్లీలం కాదని తీర్పిచ్చాడు. ఆ కేసు తలచుకున్నప్పుడల్లా కవి పేరుకంటే ముందు నాకు మురావో పేరే గుర్తొస్తుంది.

మన వైపు అలాంటి పేర్లున్నాయి. దిగంబర కవులు మొదటి సంపుటిని అర్ధరాత్రి నాంపల్లి పాండు అనే రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. రెండోది 1966 డిసెంబరులో విజయవాడలో హోటల్ పనివాడు జంగాల చిట్టి చేతులమీదుగా, మూడోది 1968 సెప్టెంబరులో విశాఖపట్నంలో బిచ్చమెత్తుకునే యడనూరి యశోదమ్మ చేతులమీదుగా వచ్చాయి. ఆ రాత్రుల గురించి కవులు చెప్పింది చదివాం. పాండు, చిట్టి, యశోదమ్మ ఏమనుకున్నారో వాళ్ళ మాటల్లో, లేదా వాళ్ళ పిల్లల మాటల్లో చదవాలని నాకు ఎంతో కోరిక.

ఇక ఆరుగురు: నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్య, మహాస్వప్న. అసలు పేర్లు వదిలేసి ఈ పేర్లు పెట్టుకున్నారు. కవితల్ని దిక్కులన్నారు. వారాలకీ ఋతువులకీ కొత్త పేర్లు పెట్టారు. మూడు సంపుటాల తర్వాత దారులు చీలాయి. నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు 1970లో విరసం (విప్లవ రచయితల సంఘం)లో చేరారు. మరుసటి ఏడాదే ముగ్గురినీ ముందస్తు నిర్బంధ చట్టం కింద జైల్లో పెట్టారు. నగ్నముని దివిసీమ ఉప్పెన మీద 'కొయ్యగుర్రం' రాశారు. చెరబండరాజు 1982లోనే పోయారు. నిఖిలేశ్వర్‌కు 'అగ్నిశ్వాస' మీద 2020 కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. మూడు సంపుటాలతో ఆగిన ఒక ఉద్యమం నుంచి ఇన్ని దారులు ఎలా వచ్చాయన్నది ఒక పరిశోధక విద్యార్థి జీవితానికి సరిపడా పని.

సంపుటాలు దాచుకుంటే చాలదు. అప్పటి వారపత్రికల్లో వచ్చిన తిట్లూ పోగుచేయాలి. కోర్టు కాగితాలూ కావాలి. కలకత్తా హంగ్రీ కవుల్ని 1964లో అరెస్టు చేశారు. వాళ్ళలో మలయ్ రాయ్ చౌధురికి, కవిత అశ్లీలమన్న కేసులో, కింది కోర్టు 200 రూపాయల జరిమానా వేసింది. 1967లో హైకోర్టు ఆ శిక్షను కొట్టేసింది. ఆ ఉద్యమాన్ని చదవాలంటే ఆ కేసు దస్త్రాలు కవితలంత ముఖ్యం.

అధ్యయనమంటే భజన కాదని కూడా చెప్పాలి. 1951లో మెక్సికోలో భార్య జోన్ వోల్మర్‌ను తుపాకీతో కాల్చి చంపిన బీట్ రచయిత విలియం బరోస్‌ను చదువుతూ జోన్‌ను మరచిపోలేం. దిగంబర కవిత్వంలో స్త్రీ శరీరాన్ని తిట్టుగా వాడిన తీరు మీద స్త్రీవాదులు పెట్టిన విమర్శ న్యాయమైనది. సేకరణలో దానికీ ఒక అర ఉండాలి.

అడిగేది పెద్ద మొత్తమేమీ కాదు. ఏడాదికొక సాంస్కృతిక కార్యక్రమానికి పెట్టే ఖర్చులో కొంత తీసి, హైదరాబాదులో ఒక విద్యార్థికి రెండేళ్ళ వేతనం ఇద్దాం. ఆ తరాన్ని దగ్గరగా చూసినవాళ్ళకి ఇప్పుడు ఎనభై ఏళ్ళు. ముందు వాళ్ళ గొంతులు రికార్డు చేయాలి. కుటుంబాల అనుమతి తీసుకుని ఉత్తరాలు, చిత్తుప్రతులు స్కాన్ చేయాలి. బతికున్నవారి సొంత విషయాలున్న ఉత్తరాలను వాళ్ళు చెప్పినన్నాళ్ళు తెరవకుండా ఉంచాలి.

అసలు కాగితాలను అమెరికా తెచ్చుకుందామని కొందరు మిత్రులు అంటారు. ఇక్కడ భద్రత ఎక్కువ, నిజమే. 2000 ఆగస్టు వరదలో హైదరాబాదులోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం గ్రంథాలయంలో పుస్తకాలు నీళ్ళపాలైన సంగతి నాకూ బాధే. అయినా నేను ఒప్పుకోను. స్కాన్ ప్రతులు రెండు మూడు దేశాల్లో ఉంచుదాం. అసలు కాగితాలు మాత్రం హైదరాబాదులోనే ఉండాలి. పాలమూరు నుంచో శ్రీకాకుళం నుంచో వచ్చే విద్యార్థి వీసా అడగనక్కర లేకుండా, బస్సు దిగి నేరుగా వెళ్ళి వాటిని చేత్తో పట్టుకుని చదువుకోవాలి.