ట్యాగ్ మారవచ్చు, డైజెస్ట్ మారదు

కంటైనర్ ఇమేజ్‌లకు (అప్లికేషన్‌ను, అది నడవడానికి కావలసినవాటితో కలిపి కట్టిన ప్యాకేజీలకు) పేర్లు పెట్టడంపై వచ్చిన ఒక వ్యాసంలో, ప్రతి ఇమేజ్‌కు 2.3.1 వంటి వెర్షన్ ట్యాగ్, అంటే గుర్తింపు పేరు, ఇస్తే చాలునని వ్యాసకర్త రాశారు. ‘లేటెస్ట్’ అనే ట్యాగ్‌ను నమ్ముకోవద్దన్న ఆయన సలహా సరైనదే, ట్యాగ్ రాయనప్పుడు ఇమేజ్‌లను తయారుచేసి నడిపే డాకర్ తనంతట తాను పెట్టుకునే పేరే తప్ప, అది అన్నిటికంటే కొత్త ఇమేజ్ అన్న హామీ ఏమీ కాదు. అయితే వెర్షన్ ట్యాగ్‌ను కూడా ఎవరైనా మరో ఇమేజ్‌ మీదికి మార్చవచ్చన్న సంగతిని వ్యాసం వదిలేయడం నాకు పెద్ద లోటుగా కనిపించింది.

కంటైనర్లను అనేక యంత్రాలపై (నోడ్‌లపై) నడిపే కుబెర్నెటిస్‌లో ‘లేటెస్ట్’ కాని ట్యాగ్ ఇచ్చి, పుల్ పాలసీని (ఇమేజ్‌ను ఎప్పుడు దించుకోవాలన్న నియమాన్ని) విడిగా పేర్కొనకపోతే, నోడ్‌లో ఇప్పటికే ఉన్న ఇమేజ్‌నే అది వాడుకుంటుంది. కాబట్టి ఎవరైనా 2.3.1ను సరిదిద్ది అదే ట్యాగ్‌తో రిజిస్ట్రీకి (ఇమేజ్‌లను భద్రపరిచే చోటికి) మళ్లీ పుష్ చేస్తే, పాత నోడ్‌లలో పాత కోడ్, కొత్తగా చేరిన నోడ్‌లో కొత్త కోడ్ ఒకే పేరుతో నడుస్తాయి. లోపం కొన్ని అభ్యర్థనలకే కనిపిస్తుంది, కారణం మాత్రం లాగ్‌లలో సులభంగా దొరకదు. అందుకే వినియోగదారులు వాడే అసలు వ్యవస్థలో, అంటే ప్రొడక్షన్‌లో, ఇమేజ్‌ను ఎస్‌హెచ్‌ఏ256 డైజెస్ట్ అనే గుర్తింపు సంకేతంతోనే పేర్కొనాలి, ఎందుకంటే అది ఇమేజ్‌లోని విషయం నుంచే లెక్కించినది, విషయం మారితే డైజెస్ట్ కూడా వేరవుతుంది. అమెజాన్ ఈసీఆర్ వంటి రిజిస్ట్రీలలో ట్యాగ్‌ను తిరగరాయనివ్వని అమరిక ఉంది, దాన్ని తప్పక వాడుకోవాలి.

ఇక రిపాజిటరీ (రిజిస్ట్రీలో ఒక సేవకు చెందిన ఇమేజ్‌లు ఉండే చోటు) పేరులో బృందం, సేవ పేర్లు ఉంటే చాలు. ‘టెస్ట్’, ‘ప్రొడక్షన్’ అని విడగొడితే ప్రతి దశకూ ఇమేజ్‌ను మళ్లీ నిర్మించే అలవాటు మొదలవుతుంది, అప్పుడు పరీక్షించినది ఒకటి, విడుదల చేసినది మరొకటి అవుతుంది.