పెద్దాసుపత్రిలో వార్డు తుడిచే ఆమెదీ ఆ చట్టమే

కర్నూలు పెద్దాసుపత్రి లాంటి చోట డాక్టరమ్మ, స్టాఫ్ నర్సు, నర్సింగ్ విద్యార్థిని, కాంట్రాక్టర్ కింద వార్డులు తుడిచే ఆమె ఒకే వరండాలో తిరుగుతారు. లైంగిక వేధింపులపై నోరు విప్పితే ఎవరికెంత నష్టమన్నది మాత్రం వేరువేరు. పర్మినెంట్ ఉద్యోగినికి బదిలీ భయం. అవుట్‌సోర్సింగ్ కార్మికురాలికి రేపటి నుంచి పనికి రావద్దంటారేమోనన్న టెన్షన్. అందుకే పనిచోట మహిళలపై లైంగిక వేధింపులను ఆపే 2013 నాటి చట్టం గురించి ఇలాంటి చోట ప్రచారం ఆ కార్మికురాలి దగ్గరే మొదలవ్వాలంటాను.

2024 ఆగస్టులో కోల్‌కతా ఆర్‌జీ కర్ ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న ట్రైనీ డాక్టరుపై జరిగిన అత్యాచారం, హత్య తర్వాత దేశమంతా జూనియర్ డాక్టర్లు రోడ్డెక్కారు. సీసీ కెమెరాలు, గార్డులు, విశ్రాంతి గదుల గురించి గట్టి చర్చ జరిగింది. అవన్నీ కావాల్సినవే. అయితే వేధించేవాడు డ్యూటీ చార్ట్ రాసేవాడో, హాజరు వేసేవాడో అయితే కెమెరాకి ఏం కనిపిస్తుంది? లొంగని మనిషికి వరసగా నైట్ డ్యూటీలు పడతాయి, అడిగిన సెలవు దొరకదు. లైంగిక వేధింపు, వివక్ష ఇక్కడ ఒకే చేతి పని. ఆ 2013 నాటి చట్టం దీన్ని వదల్లేదు. అలాంటి ప్రవర్తనకు ముడిపెట్టి ఉద్యోగంలో ఇబ్బంది పెడతానని పరోక్షంగా బెదిరించినా అది వేధింపు కిందికే రావచ్చు.

ఈ చట్టం పుట్టుక కూడా గుర్తుంచుకోవాలి. రాజస్థాన్‌లో బాల్యవివాహాలను ఆపబోయిన భఁవరీ దేవి ప్రభుత్వ పథకంలో పనిచేసే గ్రామస్థాయి కార్యకర్త, కుమ్మరి కులస్తురాలు. 1992లో ఆమెపై సామూహిక అత్యాచారం జరిగింది. దాని తర్వాత మహిళా సంఘాలు వేసిన కేసులోనే 1997లో సుప్రీంకోర్టు పనిచోట లైంగిక వేధింపులను ఆపేందుకు విశాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. 2013 చట్టానికి పునాది అవే. అన్నిటికన్నా కింది మెట్టు మీదున్న మనిషి వల్ల వచ్చిన రక్షణ, ఆ మెట్టు మీదున్న వాళ్లకే ఇప్పటికీ తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

చట్టంలో 'ఉద్యోగి' అంటే దినకూలీ, ట్రైనీ, కాంట్రాక్టర్ ద్వారా వచ్చిన మనిషి కూడా. 'ఆమె మా మనిషి కాదు, ఏజెన్సీ మనిషి' అని ఆఫీసు తప్పించుకోవడానికి వీల్లేదు. పదిమంది లేదా అంతకుమించి పనిచేసే ప్రతి చోటా ఇలాంటి ఫిర్యాదులు విచారించే అంతర్గత కమిటీ ఉండాలి. దానికి అధ్యక్షురాలు మహిళే, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలే, ఒకరు బయటివారు. ఫిర్యాదుకు గడువు మూడు నెలలు, తగిన కారణముంటే ఇంకో మూడు నెలలు. రాయడం రాకపోతే రాసుకోవడానికి కమిటీ సభ్యులే సాయం చేయాలి. ఫిర్యాదు సాక్షాత్తూ యజమాని మీదే అయితే జిల్లా స్థాయి స్థానిక కమిటీకి వెళ్లొచ్చు. ఆరోపణ రుజువు కానంత మాత్రాన దాన్ని తప్పుడు ఫిర్యాదు అనకూడదని కూడా చట్టం చెబుతోంది. భయపెట్టడానికి తరచూ వాడే మాట అదే కాబట్టి ఇది అందరికీ తెలియాలి.

కమిటీ పేర్లున్న కాగితం సూపరింటెండెంట్ గది ముందు అతికిస్తే, తుడిచే ఆమె అక్కడ నిలబడి చదవగలదా? బట్టలు మార్చుకునే చోట, హాజరు వేసే చోట అది ఉండాలి. చదువు రానివాళ్లకు షిఫ్టు మారే వేళ చదివి వినిపించాలి. జీతాల బకాయిల కోసం ధర్నా చేసే కార్మిక సంఘాలు తమ డిమాండ్లలో దీన్నీ చేర్చాలి. ఫిర్యాదు చేసిన మహిళను విచారణ ముగిసేదాకా పనిలోంచి తీయకూడదన్న షరతు ఏజెన్సీ ఒప్పందంలోనే రాయించాలి.