బ్రిడ్జి టోల్ కట్టక్కర్లేదంటున్న ఆ మెసేజ్‌లో ఎంత నిజం?

వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న మెసేజ్ సారాంశం ఇది. వంతెన కట్టిన ఖర్చు వచ్చేశాక టోల్ అడగడం నేరమట. 60 కిలోమీటర్ల లోపు రెండో గేటు చెల్లదట. 2025 జూలై నుంచి వంతెనల టోల్ సగమైందట. క్యూ వంద మీటర్లు దాటితే ఫ్రీ అట. 12 గంటల్లో తిరిగొస్తే కట్టక్కర్లేదట. 3,000 రూపాయల వార్షిక పాస్ ఏ వంతెన మీదైనా పనిచేస్తుందట. ఆరింటిలో ఒక్కటి కూడా చెప్పినట్టుగా నిజం కాదు. కొన్నింటికి నిజం తోక మాత్రం ఉంది. దాన్ని పట్టుకునే మెసేజ్ ఇంత దూరం పాకింది.

ముందు తేల్చుకోవాల్సింది ఆ వంతెన ఎవరిదన్నది. జాతీయ రహదారి మీద ఉంటే 1956 నాటి నేషనల్ హైవేస్ యాక్ట్, దాని కింద 2008లో వచ్చిన ఫీజు రూల్స్ వర్తిస్తాయి. రాష్ట్రానిదైతే ఆ రూల్స్‌తో పనిలేదు. రాజ్యాంగం ఏడో షెడ్యూల్‌లో రాష్ట్ర జాబితా 59వ అంశం ‘టోల్స్’. వాహన పన్నుది 57వ అంశం, అంటే రెండూ వేర్వేరు. ‘రోడ్ ట్యాక్స్ కట్టాంగా, మళ్ళీ టోల్ ఎందుకు’ అన్న వాదన ఇక్కడే తేలిపోతుంది. రాష్ట్రాల చట్టాలూ ఒకేలా లేవు. 1851 నాటి ఇండియన్ టోల్స్ యాక్ట్ ఇంకా వాడుకలో ఉంది, కేరళకు 1976లో సొంత చట్టం వచ్చింది, మహారాష్ట్రలో 1958 నాటి మోటారు వాహనాల పన్ను చట్టంలోని 20వ సెక్షన్ కింద వసూలు చేశారు. మన దగ్గర కొవ్వూరు–రాజమహేంద్రవరం గామన్ బ్రిడ్జి కూడా రాష్ట్ర రోడ్డు అభివృద్ధి సంస్థ ద్వారా, ప్రైవేటు భాగస్వామ్యంలో వచ్చిందే.

‘ఖర్చు వచ్చేశాక టోల్ నేరం’

1851 చట్టం 8వ సెక్షన్ చూడండి. టోల్‌గా వచ్చిన సొమ్ము ప్రభుత్వ ఆదాయం. నికర మొత్తాన్ని ఆ రాష్ట్రంలోని రోడ్లు, వంతెనల నిర్మాణానికి, మరమ్మతులకు వాడాలి. ఆ వంతెనకే ఖర్చుపెట్టాలని గానీ, దాని ఖర్చు తీరగానే గేటు ఎత్తేయాలని గానీ అందులో లేదు. నేరం ఏదో 6వ సెక్షన్ చెబుతుంది: అధికారం లేనివాడు వసూలు చేయడం, ఉన్నవాడైనా చట్టబద్ధమైన రేటు కంటే ఎక్కువ గుంజడం. శిక్ష ఆరు నెలల వరకు జైలు లేదా 200 రూపాయల వరకు జరిమానా. 1851లో 200 రూపాయలంటే ఆస్తి! రేట్ల పట్టికను ఇంగ్లిష్‌లోనూ జిల్లా భాషలోనూ గేటు దగ్గర కనబడేలా పెట్టాలని 7వ సెక్షన్ చెబుతుంది. గొడవపడే ముందు ఆ బోర్డు ఫోటో తీసుకోండి, అది ‘ఫార్వర్డ్’ కంటే పనికొస్తుంది.

జాతీయ రహదారులకైతే ఈ మాటలో కొంత నిజం ఉండేది. పెట్టుబడి రాబట్టాక రేటును 40 శాతానికి తగ్గించాలని 2008 రూల్స్‌లో ఉండేది. అప్పుడు కూడా టోల్ ఆగదు, తగ్గుతుందంతే. 2023 అక్టోబరు సవరణతో ఆ తగ్గింపూ పోయింది.

అందరూ చూపించేది ఢిల్లీ–నోయిడా డీఎన్‌డీ ఫ్లైవే. అక్కడ అలహాబాద్ హైకోర్టు 2016 అక్టోబరులో టోల్ ఆపింది, 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. దాన్ని కట్టి టోల్ వసూలు చేసిన కంపెనీకి పెట్టుబడి, లాభం వచ్చేశాయన్న మాట తీర్పులో ఉంది, నిజమే. కానీ దెబ్బతిన్నది ఒప్పందం. యూపీ పారిశ్రామిక ప్రాంత అభివృద్ధి చట్టం తనకివ్వని అధికారాన్ని నోయిడా సంస్థ (అక్కడి అభివృద్ధి ప్రాధికార సంస్థ) ఆ కంపెనీ చేతిలో పెట్టింది. పైగా 20 శాతం రాబడికి హామీ ఇచ్చే లెక్కతో ఖర్చు ఏనాటికీ తీరకుండా పెరుగుతూ పోయింది. ఆ రెండు లోపాలు లేని వంతెనకు ఆ తీర్పును అతికించలేం.

‘60 కిలోమీటర్ల లోపు రెండో గేటు చెల్లదు’

2008 రూల్స్‌లో 8వ రూలు ఈ మాట అంటుంది. అయితే దాని కిందనే మినహాయింపు ఉంది: శాశ్వత వంతెన, బైపాస్, టన్నెల్ కోసం అయితే 60 కి.మీ. లోపే ప్లాజా పెట్టవచ్చు. కారణాలు రాతపూర్వకంగా నమోదు చేసి ఇతర చోట్ల కూడా 60 కి.మీ. లోపు పెట్టే వీలుంది. వంతెన గేటు దగ్గర 60 కి.మీ. వాదన ఎత్తితే, మనమే మినహాయింపును చూపించినట్టవుతుంది.

‘టోల్ సగమైంది’

2025 జూలై సవరణ ప్రకారం లెక్క రెండు రకాలుగా వేస్తారు. నిర్మాణం (వంతెన, టన్నెల్, ఫ్లైఓవర్, ఎలివేటెడ్ రోడ్డు) పొడవును పదితో హెచ్చించి, మిగతా రోడ్డు పొడవు కలపాలి. లేదా మొత్తం సెక్షన్ (ఆ గేటు పరిధిలోని రోడ్డు భాగం) పొడవును ఐదుతో హెచ్చించాలి. ఏది తక్కువైతే దానికే ఫీజు. మొదటి లెక్క పాతదే, కొత్తది రెండోది.

40 కి.మీ. సెక్షన్‌లో 2 కి.మీ. వంతెన ఉందనుకోండి. మొదటి లెక్క: 20 + 38 = 58. రెండోది: 200. తక్కువ 58 కాబట్టి పాత టోల్‌లో పైసా తగ్గదు. కారు మూల రేటు, అంటే 2007–08 నాటి కి.మీ.కి 65 పైసలతో అది 37.70 రూపాయలు. దాని మీద ఏటా 3 శాతం, టోకు ధరల సూచీ పెరుగుదలలో 40 శాతం పడతాయి, చివరికి దగ్గరి 5 రూపాయలకు సర్దుతారు. కొత్త లెక్కతో లాభం రావాలంటే నిర్మాణాల పొడవు సెక్షన్‌లో తొమ్మిదింట నాలుగు వంతులు, అంటే 44.4 శాతం దాటాలి. 40 కి.మీ.లో దాదాపు 17.8 కి.మీ. అన్నమాట. మొత్తం వంతెనే అయిన 4 కి.మీ. సెక్షన్‌కైతే 40 బదులు 20 వస్తుంది. సగమయ్యేది అలాంటి చోటే.

‘వంద మీటర్ల క్యూ, 12 గంటల స్లిప్’

క్యూ వంద మీటర్ల పసుపు గీత దాటితే టోల్ లేకుండా వదలాలన్నది 2021లో జాతీయ రహదారుల సంస్థ (ఎన్‌హెచ్‌ఏఐ) ఇచ్చిన మార్గదర్శకం. ఫీజు రూల్స్‌లో లేదు కాబట్టి 2024లో వెనక్కి తీసుకుంది. మిగిలిన హక్కు వేరు: మీ ఫాస్టాగ్ సరిగ్గా ఉండి, బ్యాలెన్స్ ఉండి, గేటు రీడర్ పనిచేయకపోతే డబ్బు లేకుండా వదలాలి, ‘జీరో’ రసీదు ఇవ్వాలి. కేవైసీ లేక ట్యాగ్ బ్లాక్ అయితే ఈ హక్కు ఉండదు. ఇక 12 గంటల్లో తిరిగొస్తే ఫ్రీ అనే స్లిప్ లేనే లేదు. 24 గంటల్లో తిరిగొస్తే రెండు వైపులకూ కలిపి ఒకటిన్నర రెట్లు.

‘3,000 పాస్ అన్నిచోట్లా’

2025 ఆగస్టు 15 నుంచి వచ్చిన ఆ పాస్ ఏడాది లేదా 200 ట్రిప్పుల వరకు, జాతీయ రహదారులు, జాతీయ ఎక్స్‌ప్రెస్‌వేల ప్లాజాల్లోనే చెల్లుతుంది. అదీ కార్లు, జీపులు, వ్యాన్లలో వాణిజ్యేతర వాటికే. ముంబై అటల్ సేతు, హైదరాబాద్ ఓఆర్‌ఆర్ రాష్ట్ర సంస్థలవి. అక్కడ మామూలు ఫాస్టాగ్ ఖాతాలోంచే డబ్బు పోతుంది. పాస్ ఉందని వాలెట్ ఖాళీగా పెట్టుకుని గేటు దాకా వెళ్తే లేన్‌లో ఇరుక్కుపోవడమే.