ఐడీ3 ట్యాగు గారి దివ్య సముఖానికి

ఎంపీ3 ఫైల్లో పాట పేరూ, గాయకుడి పేరూ రాసి ఉంచే చీటీ అయిన మహారాజశ్రీ ఐడీ3 ట్యాగు గారికి,

ఉభయకుశలోపరి. లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి మారాక, హార్డ్‌డిస్క్‌లో పడున్న పాత తెలుగు పాటల్ని ఓ దారికి తెద్దామని మూడు వారాల క్రితం కూర్చున్నాను. ఇంకా కూర్చునే ఉన్నాను.

1996లో పుట్టినప్పుడు తమరు ఎంపీ3 ఫైలు చివర 128 బైట్లలో ఒదిగి ఉండేవారు. పాట పేరుకి 30, గాయకుడికి 30, ఆల్బంకి 30. ఇంగ్లిషు అక్షరానికి ఒక బైటు చాలు. మన అక్షరానికి యూటీఎఫ్-8 అనే అక్షరాల కోడ్‌లో మూడు కావాలి. గుణింతానికి మళ్ళీ మూడు, సున్నాకి ఇంకో మూడు. ఘంటసాల వెంకటేశ్వరరావు గారిని మీ గడిలో బలవంతాన కుక్కితే ‘ఘంటసాల వెం’ దగ్గర ఆగిపోయారు. ఇంటిపేరైనా దక్కింది, అదే పదివేలు.

తర్వాత రెండో అవతారం ఎత్తి, తోకలోంచి లేచి ఫైలు ముందుకొచ్చారు. తలకెక్కారన్నమాట. పోనీ పాత తోక వదిలారా? లేదు. ట్యాగులు దిద్దే కిడ్3 అనే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి చూస్తే ఒకే పాటకి తల ఒక పేరు చెబుతుంది, తోక ఇంకోటి చెబుతుంది. గాయకుడి గడిలో ఏదో డౌన్‌లోడ్ సైటు చిరునామా. నా దగ్గర సుశీల గారికంటే ఆ సైటు పాడినవే ఎక్కువ.

జానర్ల (సంగీతం రకాల) సంగతి సరేసరి. మీ మొదటి జాబితాలో 80 రకాలు, ఒక్కోదానికీ ఒక అంకె. పోల్కాకి చోటుంది, ఆకతాయి ప్రాంకులకీ ఉంది, కర్ణాటక సంగీతానికి లేదు. సున్నా అంటే బ్లూస్ కాబట్టి, ఎవరో ఆ గడిని సున్నాతో వదిలేసిన హరికథలన్నీ బ్లూస్ అయి కూర్చున్నాయి. (వినగా వినగా నిజమేనేమో అనిపిస్తోంది.)

యుగళగీతానికి ‘ఘంటసాల, సుశీల’ అని రాస్తే నా ప్లేయర్ మూడో మనిషిని పుట్టించింది. ‘సుశీల, ఘంటసాల’ అంటే నాలుగో మనిషి. పైగా లైనక్స్‌కి పట్టింపు ఎక్కువ: ఇంగ్లిషులో పెద్ద జీతో ఒక ఘంటసాల, చిన్న జీతో ఒక ఘంటసాల, రెండు ఫోల్డర్లలో వేరు కాపురాలు. పాట రాసినాయనకి మీ రెండో అవతారంలో గడి ఇచ్చారు, సంతోషం. దాని పేరు ‘టెక్స్ట్’ట. నా ప్లేయర్ దాన్ని చూపించనే చూపించదు.

నిన్న అమ్మ అడిగింది: “మీ తాతయ్య సైకిల్ మీద వస్తూ పాడేవారే, ఆ పాట పెట్టరా.” దీనికి ఏ గడి, స్వామీ? చివరికి కామెంట్‌లో ‘తాతయ్య సైకిల్ పాట’ అని రాశాను. మీ తోక దాన్ని ‘తాతయ్య సైక’ దగ్గర తుంచేసింది.

అమ్మకి మాత్రం అర్థమైంది.

ఇట్లు,
అన్‌నోన్ ఆర్టిస్ట్