మాంద్యం వస్తే ముందు ప్రీమియం మీదేనా కత్తి?

దేశం మాంద్యంలో పడిందో లేదో తేల్చడానికి ఢిల్లీలో జీడీపీ లెక్కలు చూస్తారు, వరుసగా రెండు క్వార్టర్లు తగ్గితే పడినట్టు. మన భీమవరం, ఆకివీడు, గణపవరం వైపు అంత లెక్క అక్కర్లేదు, పొద్దున్నే వంద కౌంట్ (కిలోకి వంద తూగే) రొయ్య రేటు ఎంతో కనుక్కుంటే సరిపోద్ది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి తీసుకెళ్లినప్పుడు చెరువు గట్టు మీదున్న రైతుకి ఎవరూ విడమరిచి చెప్పాల్సిన పని పడలేదు, కొనేవాళ్లే రేటు కోసి చెప్పేశారు. ఆ సుంకాలు తర్వాత ఎటు తిరిగినా సరే, రేటు ఒకసారి పడిందంటే మేత కొట్టులో అరువు ఆగుద్ది, ఐస్ ఫ్యాక్టరీలో షిఫ్టు తగ్గుద్ది, ప్లాంటులో రొయ్య తలలు తీసే ఆడవాళ్లకి వారంలో రెండు రోజులు పని ఉంటే గొప్ప.

అలాంటప్పుడు ఇంట్లో ఏ ఖర్చు ముందు ఆపుతారో మనందరికీ తెలుసు. చీటీ ఆపరు, పరువు పోద్ది. బంగారం లోను వడ్డీ ఆపరు, వస్తువు వేలానికి పోద్ది. ఎవరూ ఇంటికొచ్చి అడగనిది ఒక్కటే, ఇన్సూరెన్స్ ప్రీమియం. దాన్ని ఆపేస్తారు, అదే తప్పు అంటున్నాం మేం.

ముందే ఒక మాట, ఏజెంట్లు చెప్పరు కాబట్టి మేమే చెప్పాలి. రొయ్య రేటు పడిపోతే ఆ నష్టం కట్టే పాలసీ లేదు. ఆక్వా బీమా ఉంది, కేంద్రం 2024 ఫిబ్రవరిలో తెచ్చిన మత్స్య కిసాన్ సమృద్ధి సహ యోజనలో ప్రీమియం మీద 40 శాతం దాకా రైతుకి వెనక్కిచ్చే ఏర్పాటు కూడా ఉంది, కానీ అది పంట పోతే పనికొస్తుంది, ధర పోతే కాదు. కేంద్రం పంటల బీమా, అదే ఫసల్ బీమా, కూడా దిగుబడి లెక్కే చూస్తుంది. ఉద్యోగం పోతే జీతం ఇచ్చే పాలసీ అంటూ ఎవరైనా అమ్మితే షరతుల కాగితం చదవండి, రాజీనామా చేయించినా, పని బాలేదని తీసేసినా వర్తించదని అందులోనే ఉంటుంది. కార్మికుల బీమా సంస్థ ఈఎస్‌ఐలో 2018లో ఉద్యోగం పోయినవాళ్ల కోసం అటల్ పేరుతో ఒక స్కీము పెట్టి, కోవిడ్ టైంలో దాన్ని సగటు జీతంలో సగం, 90 రోజుల దాకా అని పెంచారు, అయితే ఈఎస్‌ఐ కార్డు ఉన్న కూలీలు మన ప్లాంటుల్లో ఎంతమంది?

మరి మాంద్యానికే డబ్బులివ్వనప్పుడు ప్రీమియం ఎందుకు కట్టాలి అంటే, మొదటి దెబ్బకి కుటుంబాలు కూలడం తక్కువ, రెండో దెబ్బకి కూలతాయి. ఆదాయం సగమైనప్పుడు తిండి తగ్గించుకుని, అప్పు తిరగరాయించుకుని ఎలాగోలా నెట్టుకొస్తారు. సరిగ్గా అప్పుడే గుండెకి స్టెంట్ వెయ్యాలన్నారనుకోండి, చెరువు నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్ దగ్గర కరెంటు షాక్ కొట్టి ఇంటాయన పోయాడనుకోండి, అర ఎకరం అమ్మాలి, ఆ టైంలోనే ఊళ్లో అందరూ అమ్మకానికి పెడతారు కాబట్టి భూమి రేటూ పడి ఉంటుంది, కొనే నాథుడుండడు. మంచి రోజుల్లో మూడు లక్షల ఆస్పత్రి బిల్లు మూడు లక్షలే, చెడ్డ రోజుల్లో దానికోసం ఐదు లక్షల ఆస్తి పోతుంది. బీమా ఆపేది ఆ తేడాని.

సర్కారు ఉచిత వైద్యం పథకం ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది కదా అంటారు. ఉంది, మంచిదే. కానీ 2025 అక్టోబరులో బకాయిలు రాలేదని ప్రైవేటు ఆస్పత్రులు ఆ సేవలు ఆపి కూర్చున్నాయి కదా. సర్కారు ఖజానాకి కూడా టైం బాగోని రోజులొస్తాయి మరి. అందుకే సొంత హెల్త్ పాలసీ ఉన్నవాళ్లు ఈ ఏడాది కష్టంగా ఉందని రెన్యువల్ వదిలెయ్యకండి, గడువు తర్వాత 30 రోజుల గ్రేస్ ఉంటుంది, అదీ దాటితే షుగరు, బీపీ లాంటి పాత జబ్బులకి మళ్లీ మూడేళ్ల దాకా వెయిటింగు మొదటినుంచి పడొచ్చు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య పాలసీల మీద 18 శాతం జీఎస్టీ కూడా తీసేశారు.

ఇక అన్నిటికన్నా చవకైనవి, అన్నిటికన్నా ఎక్కువ మంది పోగొట్టుకునేవి రెండున్నాయి. పాస్‌బుక్ అప్‌డేట్ చేయించి మే నెలాఖరు దగ్గర చూడండి, 436 రూపాయలు ఒకసారి, 20 రూపాయలు ఒకసారి కట్ అయి ఉండాలి. 436 కేంద్రం పెట్టిన జీవన జ్యోతి బీమా, 18 నుంచి 50 ఏళ్లలోపు చేరినవాళ్లు 55 ఏళ్లలోపు ఎలా పోయినా ఇంట్లోవాళ్లకి 2 లక్షలు. 20 రూపాయలది సురక్ష బీమా, 70 ఏళ్ల దాకా, ప్రమాదంలో పోతే 2 లక్షలు. కొబ్బరి దింపు తీసేవాడు చెట్టు మీంచి పడితే ఆ ఇంటికి దిక్కు ఈ 20 రూపాయలే. కట్ అయ్యే రోజున ఖాతాలో బ్యాలెన్స్ లేకపోతే జూన్ 1 నుంచి కవర్ లేనట్టే, మాంద్యంలో ఖాళీగా ఉండేవి ఈ కూలీల ఖాతాలే. ఇంకోటి, ప్రమాదం జరిగితే మనవాళ్లు పోలీసు కేసు ఎందుకులే, పోస్టుమార్టం ఎందుకులే అని దహనం చేసేస్తారు, తర్వాత బ్యాంకులో ఎఫ్‌ఐఆర్ అడిగితే తెల్లమొహం వేస్తారు. సచివాలయం సిబ్బంది ఇంటింటికీ ఎన్ని సర్వేలు చెయ్యట్లేదు, ఏడాదికోసారి మే నెలలో ఈ 456 రూపాయలు ఖాతాలో ఉన్నాయో లేదో కనుక్కుంటే వచ్చే నష్టమేంటి?

కోనసీమ నుంచి కువైట్, మస్కట్ ఇంటి పనికి పోయే ఆడపడుచులకి ప్రవాసీ భారతీయ బీమా ఉంది, రెండేళ్లకి 275, మూడేళ్లకి 375 రూపాయలు, 10 లక్షల ప్రమాద కవర్. విజిటింగ్ వీసా మీద పంపే ఏజెంటు దీని ఊసెత్తడు, ఎత్తితే అతని బండారం బయటపడుద్ది.

అన్నీ కట్టమని మేం అనట్లేదు. డబ్బు వెనక్కొస్తుందని అంటగట్టిన ఎండోమెంట్ పాలసీలు ఇంటికి మూడేసి, నాలుగేసి ఉంటాయి, ఏడాదికి యాభై వేలు కడుతుంటారు, తీరా మనిషి పోతే వచ్చేది ఐదారు లక్షలు. భారం దించుకోవాలంటే ఇక్కడ దించుకోండి, అదికూడా తొందరపడి సరెండర్ చేసి కాదు, పెయిడప్‌గా (ఇక కట్టక్కర్లేకుండా, కట్టినంతకే తగ్గిన కవర్‌తో) మార్చమని అడగండి, లేదా పాలసీ మీదే లోను తీసుకోండి, నూటికి మూడు రూపాయల వడ్డీకన్నా ఎంతో నయం. లాప్స్ అయినవి కూడా మామూలు పాలసీలైతే ఐదేళ్లలోపు పునరుద్ధరించుకోవచ్చు. కొత్తగా తీసుకునేవాళ్లు టర్మ్ పాలసీ చూడండి, బతికుంటే రూపాయి రాదు, అందుకే ఏజెంటుకి ఇష్టముండదు. లోను కోసం పోతే బ్యాంకులో అంటగట్టే పాలసీ తప్పనిసరి కాదు, నచ్చకపోతే కాగితం చేతికొచ్చిన 30 రోజుల్లోపు వెనక్కిచ్చెయ్యొచ్చు.

కౌలు రైతు సంగతికొస్తే మాకు కోపమొస్తుంది. డెల్టాలో సార్వా (ఖరీఫ్), దాళ్వా (రబీ) చేసేది చాలావరకు కౌలుదారే. లోను భూయజమాని పేరున, బీమా ఆ లోను వెంట, మునిగిన చేను కౌలుదారుది. 2019లో చట్టం చేసి సాగు హక్కు కార్డులన్నారు, సంతకం పెట్టే యజమాని దొరకడు. వరికి రైతు వాటా సార్వాలో 2 శాతం, దాళ్వాలో ఒకటిన్నర, అంత బరువేం కాదు. కోసి పనల మీదున్న వరి 14 రోజుల్లోపు తుఫానుకి తడిస్తే 72 గంటల్లో చెప్పుకోవాలంటారు. 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం దగ్గర మొంథా తుఫాను తీరం దాటినప్పుడు కరెంటు లేదు, ఫోన్ ఛార్జింగ్ లేదు, చెప్పుకునేది ఎవరికి, ఎలా? గిట్టుబాటు కాక 2011లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే ప్రకటించారు, ఆనాటి నుంచీ కౌలుదారు పేరు రికార్డుల్లో ఎక్కించడం మాత్రం ఏ ప్రభుత్వానికీ కుదర్లేదు. యజమాని సంతకంతో పనిలేకుండా, సర్కారు పంట నమోదు ఈ-క్రాప్‌లో ఎవరు సాగు చేస్తున్నారో వాళ్ల పేరే చూసి బీమా కట్టించుకోవాలి, తుఫానప్పుడు ఆ 72 గంటల లెక్క కరెంటు వచ్చాకే మొదలవ్వాలి.

మాంద్యంలో బీమా కంపెనీలే మునిగితే అనే భయం కూడా ఉంది, ఊరికే పుట్టింది కాదు, 2008 సెప్టెంబరులో అమెరికాలో ఏఐజీ అనే పెద్ద బీమా కంపెనీని నిలబెట్టడానికి అక్కడి సర్కారు 85 బిలియన్ డాలర్లు పొయ్యాల్సొచ్చింది. ఇక్కడ బాధ్యతలన్నీ పోగా కంపెనీ చేతిలో మిగిలే నిధి, ఉండాల్సిన కనీస మొత్తానికి ఒకటిన్నర రెట్లు ఉండాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ రూలు, ఎల్‌ఐసీ పాలసీలకైతే చట్టంలోనే కేంద్రం హామీ ఉంది. బ్యాంకు డిపాజిట్‌కి ఒక్కో మనిషికి ఒక్కో బ్యాంకులో 5 లక్షల దాకా బీమా. అధిక వడ్డీ ఆశ చూపే ప్రైవేటు డిపాజిట్లకి ఏ బీమా లేదు, రొయ్యల డబ్బు సగం తిరిగేది అక్కడే.

క్లెయిమ్ ఎగ్గొడితే మనవాళ్లు ఏజెంటుతో పోట్లాడి వదిలేస్తారు. ముందు కంపెనీకి రాతపూర్వకంగా పెట్టండి, 30 రోజుల్లో తేల్చకపోతే హైదరాబాద్‌లో బీమా ఫిర్యాదులు తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నాడు, యానాం కూడా ఆయన పరిధే, 50 లక్షల దాకా కేసులు చూస్తాడు. ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు, కంపెనీ కాదన్న ఏడాదిలోపు మాత్రం పెట్టాలి.